రాయికి వేసిన కుట్లు

మా కోనసీమలో రాయి కావాలంటే కొనుక్కోవాలి. ఎంత లోతు తవ్వినా ఒండ్రుమట్టే, దాని కింద ఇసుక, దాని కింద నీళ్ళు. అలాంటి చోట ఒక డిగ్రీ కాలేజీలో నేను చెప్పేది భూగర్భశాస్త్రం. నేను చదివింది భూగోళం. భూగర్భశాస్త్రం చెప్పేవాళ్ళు దొరక్క ఆ పాఠాన్ని కూడా నా నెత్తిన పెట్టారు. పంతొమ్మిదేళ్ళుగా మొదటి సంవత్సరం పిల్లలకు బొమ్మలు చూపించి నెట్టుకొస్తున్నాను. రాళ్ళు మూడు రకాలు, పొరల్లో కిందది పాతది, పగులు దేన్ని కోస్తే అది పగులుకంటే పాతది. ఇంతే మొదటి పాఠం.

కిందటేడు ఒక పిల్ల లేచి, "ఇవన్నీ మీరు చూశారా మేడం?" అని అడిగింది. చూశానన్నాను. ఆ అబద్ధం ఏడాది పొడుగునా గొంతులో ముల్లులా ఉండిపోయింది. అందుకే ఈ వేసవి సెలవుల్లో ఒక సంచీ, సుత్తి, భూతద్దం పట్టుకుని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు బయల్దేరాను. తరగతికి పెట్టెడు రాళ్ళు తేవాలనుకున్నాను, తెచ్చాను కూడా. వాటిలో ఒకదాన్ని ముట్టుకోవాలంటే ఇప్పటికీ నా చేయి ఒక క్షణం ఆగుతుంది.

గద్వాల

బస్టాండు దగ్గర పొద్దున్నే ఉగ్గాని, మిర్చి బజ్జీ తిన్నాను. మేము మరమరాలు అని పిలిచే బొరుగులను నీళ్ళలో తడిపి, పిండి, తాలింపు పెడితే ఉగ్గాని. మా వైపు అవి పిల్లల చిరుతిండి. ఇక్కడ పెద్దవాళ్ళు పనికి పోయేముందు కడుపు నింపుకునే టిఫిను. ముప్ఫై రూపాయలకు ప్లేటు నిండా పెట్టాడు. బజ్జీ కారం మాత్రం మధ్యాహ్నం దాకా నన్ను వదల్లేదు.

గద్వాల దాకా వచ్చి చీర చూడకుండా ఎలా పోతామని ఒక నేతింటికి వెళ్ళాను. ఇంటావిడ సరోజమ్మకు యాభై దాటి ఉంటాయి. గది నేలలో గుంట తవ్వి, అందులో కాళ్ళు వేలాడేసి, నేలమీద కూర్చుని నేస్తోంది. గుంట గోడలో ఇంటి కింది బండ బయటపడి ఉంది. గులాబీ, తెలుపు, నలుపు గింజలు కలిసిన గ్రానైటు. ఎక్కడో చాలా లోతున కరిగి ఉన్నది, ఎంతో నెమ్మదిగా చల్లారితే ఇలా గింజలు కంటికి కనబడేంత పెరుగుతాయి. మొదటి రకం రాయి, అగ్నిశిల. పంతొమ్మిదేళ్ళు బోర్డు మీద సుద్దముక్కతో వేసిన గింజలను మగ్గం గుంటలో వేలితో తడిమాను.

చీర ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ కలిసే చోటును సరోజమ్మ గోటితో చూపించింది. "తెగితే గీడనే తెగుతది మేడం. ఒకే తీరు నూలైతే ఏం కాదు. రెండు తీర్లవి కలిసే కాడనే జర పైలంగ ఉండాలె."

అంటూనే ఆమె కాళ్ళు ఆగిపోయాయి. పోగుల మధ్య అటూ ఇటూ విసిరే నాడె కూడా చేతిలోనే ఆగింది. ఏమైందని అడిగాను.

"జర ఆగున్రి," అంది.

ఏ చప్పుడూ లేదు. వీధిలో స్కూటరు కూడా లేదు. కొన్ని క్షణాలు గడిచాక ఊరి బయటినుంచి ఢామ్మని వినిపించింది. కిటికీ రెక్క అదిరింది.

"క్వారీల బండ పేలుస్తుండ్రు. నాకు కాళ్ళకు ముందొస్తది, చెవులకు తర్వాతొస్తది."

గాలిలో కంటే రాతిలో చప్పుడు ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. ఇదీ నా పాఠంలో ఉన్నదే. మీరు చెప్పింది శాస్త్రమేనని గొప్పగా చెప్పాను. సరోజమ్మ నాడె పక్కన పెట్టింది.

"చెవులకు రానివి గుడ వస్తయి మేడం, కాళ్ళకు. దినాం వస్తయి. యాడివో తెల్వదు. కింద ఎవరో మగ్గం నేస్తుండ్రు అనేది మా అమ్మ."

గుంటలో కాళ్ళు పెట్టి చూడమంది. పెట్టాను. చాలాసేపు ఏమీ లేదు. లేవబోతుంటే అరికాలి కింద మెత్తగా ఒక తట్టు, కాసేపటికి ఇంకొకటి. దూరాన లారీ ఏదైనా పోతోందేమోనని వీధిలోకి తొంగి చూశాను. కుక్క ఒకటి నీడలో పడుకుని ఉంది, అంతే. నవ్వి ఊరుకుందామనుకున్నాను గాని నవ్వు రాలేదు. చీర ధర విన్నాక దాన్ని మడత పెట్టి తిరిగి ఇచ్చేశాను.

వడ్డేపల్లి

వడ్డేపల్లి దగ్గర పొలాల్లో నడుస్తుంటే గట్టుమీద నున్నటి బూడిదరంగు పలక నిలబెట్టి ఉంది. నాపరాయి. తరగతికి బాగుంటుందని పెకలించి సంచీలో వేసుకున్నాను. పది అడుగులు వేశానో లేదో, ఒక రైతు కేక వేయకుండా, తొందర పడకుండా నడిచి వచ్చాడు.

"మేడం, ఆ రాయి తీసిన కాడనే పెట్టున్రి. అది మా అన్నకు నాకు నడుమ రాయి."

హద్దురాయిని ఎత్తుకుపోయే దొంగగా పట్టుబడ్డానన్న మాట. సిగ్గుతో చచ్చి, దాన్ని మళ్ళీ పాతడానికి అతనికి సాయం చేశాను. అతను జాలిపడి, విరిగిన ముక్క ఒకటి వెతికిచ్చాడు. నేను దాన్ని సుత్తితో గీకి, రాలిన పొడి మీద సంచీలోని నిమ్మకాయ పిండాను. సన్నగా నురగ లేచింది. పాత సముద్రపు అడుగున సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడిన రాయి ఇది, పులుపు తగిలితే పొంగుతుంది అని చెప్పాను. రెండో రకం రాయి, అవక్షేప శిల.

"సున్నం కాలుస్తరు గద దీంతోని," అన్నాడతను. "ఆ సున్నం గోడకేస్తే మళ్ళ రాయే ఐతది."

నిజమే. గాలి తగిలి సున్నం తిరిగి రాయవుతుంది. అతను చెప్పిన ఆ ముక్క త్వరలోనే నాకు అక్కరకొస్తుందని అప్పుడు తెలియదు.

ఖిల్లా ఘణపూర్

కొండ మీద పాత కోట. ఎక్కడ బండలు ఆగి ఎక్కడ గోడ మొదలవుతుందో కిందినుంచి చెప్పలేం. పైన ఉన్న బరువు కోట్ల ఏళ్ళలో కొట్టుకుపోయాక, పగలు కాగి రాత్రి చల్లారి, గ్రానైటు బండలు ఉల్లిపాయలా పొరలు విడుస్తాయి. సగం ఎక్కేసరికి బండ వేడికి నా చెప్పు అడుగు ఊడింది. రాయి ముక్క కొడదామని సుత్తి ఎత్తితే, దెబ్బ పడకముందే సుత్తి తల ఎగిరి లోయలో పడింది. ఆ చప్పుడు ఆగాక కూడా చుట్టూ బండల్లో ఎక్కడో టక్, టక్ అని వినిపిస్తూనే ఉంది. కొండంతా ఖాళీ. నేను గబగబా దిగేశాను.

కొండ పాదం దగ్గర ఒక రైతు ఇల్లు ఉంది. నీళ్ళడిగితే మణెమ్మ అనే ఆవిడ చెంబుతో తెచ్చి, "ఎండల ఎందుకు మేడం, లోపటికి రాండ్రి, సల్లగుంటది" అని వంటింట్లోకి తీసుకుపోయింది. నిజంగానే చల్లగా ఉంది. ముందుకు వంగిన పెద్ద బండ కింద మూడు గోడలు లేపి, నాలుగో గోడనూ పైకప్పునూ బండకే వదిలేశారు. పొయ్యి అక్కడే, ధాన్యం బస్తాలు అక్కడే. మధ్యాహ్నం నిద్రకు మంచాలూ అక్కడే.

పొయ్యికి పైన బండలో ఒక పగులు అడ్డంగా పోతోంది. దాని మీద, చిరిగిన బట్ట కుట్టినట్టు, తెల్లటి అడ్డగీతలు. ఒక్కో గీతకు అటూ ఇటూ కుంకుమ బొట్టు.

"రాయికి కుట్లు బిడ్డా," అంది మూలన కూర్చున్న ముసలావిడ. మణెమ్మ అత్త లచ్చమ్మ. "మా అత్త ఏసేది, ఆమె అత్త గుడ ఏసిందంట. సున్నంతోని కుట్టు ఏస్తం. బండ తల్లి దాన్ని తీస్కుంటది. తీస్కుంటే గీత తెగుతది. అప్పుడు బెల్లం పెట్టి, దాని మీదనే ఇంకో కుట్టు ఏస్తం."

"తెగకపోతే?"

"తెగకుంటే తల్లికి కోపమొచ్చినట్టు. మా అత్త కాలంల ఒకపారి నాలుగేండ్లు తెగలే. పరేషానై యాటను కోసిండ్రు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు మస్తు దయ సూపిస్తుంది. ఈ ఎండాకాలమైతే ఎనిమిది దినాలకే తీస్కుంటుంది." చెబుతుంటే ఆమె ముఖం వెలిగిపోయింది.

పగులు కదులుతోందో లేదో చూడాలంటే దాని మీద సున్నమో గచ్చో పట్టీ వేసి, అది చిట్లుతుందేమో చూడమని నా పుస్తకంలోనే ఉంది. వీళ్ళు తరాలుగా అదే చేస్తున్నారు. అది ఇచ్చే జవాబును మాత్రం తలకిందులుగా చదువుకుంటున్నారు. బండ విడిపోతున్న కొద్దీ వీళ్ళ ధైర్యం పెరుగుతోంది.

మణెమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మూడు పూటలా అన్నం తినే మాకు రొట్టె తుంచడం కూడా రాదు. ఆవిడే తుంచి, పులుసులో ముంచుకుని తినమంది. రుచి ఎలా ఉందంటే చెప్పలేను. పైకి చూడకుండా మింగడమే సరిపోయింది.

ఆ రోజు ఏమీ చెప్పకుండా వచ్చేశాను. బొమ్మలు చూపించి బతికేదాన్ని, నేను చెప్పింది తప్పయితేనో అని భయం. వాళ్ళ రొట్టె తిని, వాళ్ళను ఆ బండ కిందే వదిలి, వనపర్తిలో లాడ్జి మంచం మీద పడుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. పడుకున్నంతసేపూ పైకప్పు ఫ్యానునే చూస్తున్నాను.

మళ్ళీ ఘణపూర్

మర్నాడు సాయంత్రం మళ్ళీ పోయాను. మణెమ్మ భర్త తిరుపతయ్య ఇంట్లోనే ఉన్నాడు. పగులు మీది కుట్లలో ఒక సున్నపు పెచ్చు ఊడి వేలాడుతుంటే, అడిగి తీసుకుని భూతద్దం కింద పెట్టాను. పూతల మీద పూతలు. ముప్ఫై దాకా వచ్చి లెక్క తప్పాను. ఒక్కో పూత గాలికి రాయిగా మారింది, దాని మీద ఇంకొకటి. వేలెడు మందంలో ఒక చిన్న సముద్రపు అడుగులా ఉంది. అన్నిటికంటే కింది పూతలో చీలిక చిటికెన వేలు పట్టేంత. పైకి వస్తున్న కొద్దీ సన్నం. మొన్న వేసిన పూతలో వెంట్రుకంత. కిందది పాతది. పగులు దేన్ని కోస్తే అది పగులుకంటే పాతది. నా మొదటి పాఠమంతా అరచేతిలో ఉంది.

"ఇది ఆగలేదండీ. ఇంకా విడుతూనే ఉంది," అన్నాను. "తల్లి కుట్టు తీసుకోవడం కాదు. పైపొర విడిపోతోంది. ఇక్కడ ఉండకండి."

"ఎప్పుడు పడుతది?" అన్నాడు తిరుపతయ్య.

"తెలియదు. రేపు కావచ్చు. మనమంతా పోయాక కావచ్చు."

"తెల్వనప్పుడు ఎందుకు చెప్తున్నరు మేడం? నేను పుట్టింది గీ బండ కిందనే. మా తాత సచ్చింది గుడ గీడనే."

బయట ఎండ దిగుతోంది. వంటింట్లోకి చెప్పులతో రాకూడదు కాబట్టి నా కాళ్ళు బండనేల మీద ఉన్నాయి. సరోజమ్మ గుర్తొచ్చింది. కదలకుండా కూర్చున్నాను. పైన బండ చల్లారుతూ టక్‌మంది. కొంచెంసేపటికి మళ్ళీ టక్. చెవికి వచ్చినవి ఆ రెండే. అరికాళ్ళకు వచ్చినవి ఏడు.

గద్వాలలో సరోజమ్మ చెప్పింది వాళ్ళకు చెప్పాను. లచ్చమ్మ నా పాదాల వైపు చూసింది, తర్వాత పుట్టి చెప్పెరగని తన పాదాల వైపు.

"నాకెప్పటిసందో తెలుసు బిడ్డా," అంది మెల్లగా. "మొదట్ల మనిషి నడిసినట్టుండేది. ఇప్పుడు ఉరుకుతున్నట్టుంటది."

"నువ్వు కాపురానికి వచ్చినప్పుడు ఒక కుట్టు ఎన్నాళ్ళుండేదమ్మా?" అని అడిగాను.

"నేనొచ్చినప్పుడు ఏసిన కుట్టు, వీడు పుట్టి నడిసేదాంక ఉండె." కొడుకు వైపు చూపించింది. "తర్వాత ఏడాదికొకటి. మణెమ్మ వొచ్చినంక పంటకొకటి. పోయినేడాది నెలకొకటి. ఇప్పుడు ఎనిమిది..."

అక్కడ ఆగిపోయింది. తాను చెప్పిన లెక్క తనకే మొదటిసారి వినబడినట్టుంది. పగులు వైపు చాలాసేపు చూసింది. ఆ చూపు చూస్తుంటే నాకే అక్కడినుంచి లేచిపోవాలనిపించింది.

"ఇగ కుట్టు అడుగుతలేదు," అంది చివరికి. "ఇల్లు అడుగుతుంది."

నేను చెప్పిన శాస్త్రం ఎవరినీ కదిలించలేదు. లచ్చమ్మ మాటకు తిరుపతయ్య లేచాడు. బస్తాలు ముందు గదిలోకి చేరాయి, మంచాలు వాకిట్లోకి. మణెమ్మ పశువుల కొట్టంలో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించింది. లచ్చమ్మ ఒక్కటే ఒప్పుకోలేదు. పొయ్యి పోతే పోనీ, తల్లికి బెల్లం మానేది లేదంది. రోజూ ఒకసారి లోపలికి పోయి కుట్టు చూసి వస్తానంది. ఎంత చెప్పినా వినలేదు. మణెమ్మకు నా ఫోన్ నంబరు రాసిచ్చాను.

బయల్దేరుతుంటే, నేను తిరిగిచ్చిన సున్నపు పెచ్చును లచ్చమ్మ మళ్ళీ నా చేతిలో పెట్టింది. "నువ్వే తీస్కపో. పొల్లగాండ్లకు సూపియ్యి." రవికె లోపల దాచుకున్నట్టు వెచ్చగా ఉంది అది.

లింగాల

లింగాల దాటి నల్లమల అంచుల్లోకి పోయేసరికి నేల మారింది. కింద గ్రానైటు, దాని మీద గులకరాళ్ళ పొర, ఆపైన ఇసుక ఒత్తిడికీ వేడికీ మారి బిగుసుకున్న గట్టి రాయి. మూడో రకం, రూపాంతర శిల. ఈదయ్య అనే మేకల కాపరి దారి చూపించాడు. ఒక పెద్ద పలక దగ్గరికి రాగానే చెప్పులు విడిచాడు. పలకంతా చిన్న అలల గీతలు, నీళ్ళు ఇప్పుడే వెనక్కి పోయినట్టు.

"నీళ్ళల్ల చెప్పులేస్కొని పోతమా?" అన్నాడు. "ఏ చెరువుదో తెల్వదు. మా తాతకు గుడ తెల్వదు."

ఆ అలలు వచ్చిన కాలానికి చేపలు లేవు, చెట్లు లేవు. ఒడ్డున అడుగుజాడ వేయడానికి ఒక్క ప్రాణి లేదు. ఎవరూ వినని అలల చప్పుడు. కిందికి దిగి, గ్రానైటూ గులకరాళ్ళూ కలిసే గీత మీద అరచెయ్యి అడ్డంగా పెట్టాను. ఈ రెండింటి మధ్య కోట్ల కోట్ల ఏళ్ళు గడిచాయి. ఆ ఏళ్ళ గుర్తు ఒక్క పొర కూడా లేదు, కొట్టుకుపోయింది. బొటనవేలు ఒక కాలంలో ఉంది, చిటికెన వేలు ఇంకో కాలంలో ఉంది. అరచేతి కింద ఏమీ లేదు.

పంతొమ్మిదేళ్ళు చెప్పిన పాఠం కళ్ళముందుంటే సంతోషించాలి కదా. నా మనసంతా బెల్లం ముక్క పట్టుకుని వంటింట్లోకి వెళ్ళే ముసలావిడ దగ్గరే ఉంది. ఈదయ్య ఏదో అడిగితే రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఇంటికి వచ్చాక

కాలేజీ తెరిచిన వారానికి ఘణపూర్ వైపు మొదటి వాన పడిందని ఫోనులో చూశాను. మర్నాడు మధ్యాహ్నం మణెమ్మ ఫోన్ చేసింది.

"బండ పడ్డది మేడం."

"మీ అత్త?" అన్నాను.

"ఉన్నది, ఉన్నది. ఇనున్రి. పొద్దుగాల లోపటికి పోయి కుట్టు ఏసింది. బెల్లం మర్సిపోయి బయటికొచ్చింది. బెల్లం పట్టుకొని మళ్ళ పోయేసరికే కుట్టు తెగి ఉన్నది మేడం. సున్నం తడి గుడ ఆరలే. గడపల్నే నిలవడ్డది. నేను కొట్టంల అన్నం వారుస్తున్న. కాళ్ళకు ముందొచ్చింది, మీరు చెప్పినట్టే. ఉరికొచ్చి అత్తను రెక్క పట్టి గుంజిన. తర్వాత చప్పుడొచ్చింది. మా పొయ్యి ఉన్న జాగ కనవడ్తలేదు."

ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. అత్తను ఇమ్మన్నాను. లచ్చమ్మకు ఫోనులో మాట్లాడడం అలవాటు లేదు, ఊపిరి మాత్రమే వినిపించింది. మళ్ళీ మణెమ్మే తీసుకుంది.

"పొర పోయిన కాడ బండ కొత్తగ, ఎర్రగ ఉన్నది మేడం. ఎప్పుడూ ఎండ సూడనట్టు. దాంట్ల గుడ సన్నగ ఒక పగులున్నది. ముందు గదికి దగ్గర. అత్త దూరంకెల్లి సూసింది. మా ఆయన తోని దానికి కుట్టు ఏపిచ్చింది. బెల్లం పెట్టలే. ఈసారి తెగకుంటేనే మంచిదంట. తెగిననాడు మీకు ఫోన్ చెయ్యమన్నది."

ఈ ఏడాది మొదటి పాఠం సున్నపు పెచ్చుతో చెప్పాను. పిల్లలు భూతద్దం ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని పూతలు లెక్కపెడుతున్నారు. ఒకడు ముప్ఫై ఎనిమిది అన్నాడు, ఇంకొకతె నలభై ఒకటి అంది. తరగతిలో ఫోను పెట్టుకోకూడదని రూలు పెట్టింది నేనే. అయినా నా ఫోను నా ముందు, బల్ల మీద, రాళ్ళ పక్కనే ఉంది. పాఠం చెబుతూ కాళ్ళు చెప్పుల్లోంచి తీసి నేలకు ఆనించుకుంటున్నాను. ఇక్కడ కింద మట్టే అని నాకు తెలుసు.